మగది దొరికేదాకా

మోపు ముప్పై రూపాయలు.
నల్లపాడు స్టేషను దాటాక, పట్టాల దిగువన
ఇరవై ఏళ్ళు గడ్డి కోశాను.
గరిక, ఊద, తుంగ, రెల్లు:
కొడవలికి లొంగనిదేదో, గేదె మూతి తిప్పేదేదో
చీకట్లో తడిమి చెబుతాను.
ఆ పచ్చపురుగుల్ని మాత్రం ఎప్పుడూ చూళ్ళేదు.

చూళ్ళేదంటే అబద్ధం.
మోపు నెత్తికెత్తుకోగానే మెడమీద చిటచిటా ఎగిరేవి,
పైటతో దులిపేసేదాన్ని.

వానలు తెరిపిచ్చిన ఒక పొద్దున
వకుళ మేడం తెల్లటి వల పట్టుకుని దిగింది.
వాకిలి ఊడ్చినట్టు గడ్డిమీద ఊడ్చింది.
గాజుగొట్టం నోట్లో పెట్టుకుని
ఒక్కోదాన్నీ సీసాలోకి పీల్చింది.
నీకు గడ్డి పేర్లొచ్చా, అంది.
వచ్చన్నాను.
రోజుకూలికి రా, అంది.

బియ్యపు నూకంత పురుగు.
వేలు పెడితే ముందుకు రాదు, వెనక్కి పోదు,
పీతలాగా పక్కకి జరిగి
ఆకు చాటుకి పోతుంది,
అప్పులాయన పిలిస్తే మా ఆయన
తలుపు చాటుకి జరిగినట్టు.

"వెనక కాలు చూడు మస్తాన్‌బీ."
భూతద్దంలో చూశాను. కాలి పొడుగునా ముళ్ళు,
రంపం పళ్ళలాగా వరసలు.
ముళ్ళ వరసలుంటే ఇది.
కాలి చివర కదిలే పొడుపొకటి ఉంటే సుడిదోమ,
అది వేరే ఇల్లు, వేరే ఇంటిపేరు.

గుడ్డు ఆకుమీద పెట్టదంట.
తోక కింద కత్తి ఉంది దానికి,
ఆకు పొర కోసి, ఆ కోతలో దాస్తుంది.
కోత కోసేది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఎన్ని మోపుల్లో ఎన్ని ఉయ్యాలలు
గేదెల కడుపుల్లోకి పోయాయో.

పిల్ల ఐదుసార్లు చొక్కా విడుస్తుంది.
ఐదోది విడిచాకే రెక్కలు.
విడిచిన చొక్కాలు ఆకు వెనకే,
కాళ్ళతో సహా, తెల్లగా, పట్టుకునే ఉంటాయి.
ఆ తర్వాత ఒంట్లోంచి ఏదో తీసి
కాళ్ళతో ఒళ్ళంతా పులుముకుంటుంది,
తలంటుకున్న పిల్ల పౌడరు పూసుకున్నట్టు.
ఇక వానకి తడవదు.

మాటలు కూడా ఉన్నాయి.
గాల్లో కాదు, కాడలో.
మగది పొట్ట అదిరిస్తే
ఆ అదురు గరిక కాడ పట్టుకుని పోయి
ఆడదాని పాదాలకు తగులుతుంది.
మేడం ఏదో తీగ కాడకి ఆనించి
రెండో కొస నా చెవిలో పెట్టింది.
దూరంగా కుట్టుమిషను తొక్కుతున్నట్టుంది.
చిన్నప్పుడు పట్టామీద చెవి పెట్టి
బండి వస్తుందో లేదో విని దాటేవాళ్ళం.
వీటిదీ అదే పద్ధతి.
అంతలో నిజంగానే గూడ్సు వచ్చింది.
కాడంతా వణికింది. మాట ఆగిపోయింది.
యాభై రెండు పెట్టెలు పోయేదాకా ఎదురుచూశాం,
నేను, మేడం, రెండు పురుగులు.

పేరు పెట్టడమే కష్టం.
రంగు నమ్మకూడదు, చుక్క నమ్మకూడదు.
మగదాని కడుపు కొస కోసి, మందునీళ్ళలో ఉడికించి
లోపలి వంపు చూడాలి:
కొక్కెమా, చీలికా, జింక కొమ్మా.
ఆ వంపుని బట్టే పేరు.

"మరి ఆడదైతే?"
మేడం సూది కింద పెట్టింది.
"చాలావాటికి, మగది దొరికేదాకా ఆగాలి."
అరలో అట్టపెట్టె తీసి చూపించింది.
వరసలు వరసలుగా ఆడవి,
పేర్లు లేకుండా.

మా ఆయన పోయిన ఏడాది
మీటరు కోసం కరెంటాఫీసుకి వెళ్ళాను.
మీ ఆయన్ని తీసుకురామ్మా, అన్నాడు గుమాస్తా.
ఆ మాట మేడంకి చెప్పలేదు. ఎందుకో నవ్వొచ్చింది.

ప్రతి సూదికీ ఒక చీటీ.
ఊరు నల్లపాడు, తేదీ, గరిక మీద,
పట్టింది మస్తాన్‌బీ.
చీమకాళ్ళంత ఇంగ్లీషు అక్షరాలు,
వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు తెలియలేదు.
పురుగు పేరు రాసే చోటు ఖాళీ.

నిన్న రాత్రి స్టేషను బయట టీకొట్టు దగ్గర
ట్యూబులైటు చుట్టూ పచ్చగా ముసురు.
సైదులు గ్లాసులో పడినదాన్ని
చిటికెన వేలితో తీసి, దోమ, అని విదిలించబోయాడు.
ఆగరా, అన్నాను,
వెనక కాలు చూడనీ.