కేసు సొత్తు

రిజిస్టరులో నీకు పేరు లేదు.
“కేసు సొత్తు, ఒకటి” అని రాసిండారు.
మేజోళ్ళలో కుక్కి, సూట్‌కేసులో చుట్టి
సముద్రం దాటించినారంట.
మొత్తం పదకొండు.
పెట్టె తెరిచేటప్పటికి నువ్వొక్కదానివే
వెచ్చగా ఉన్నావంట.

పొద్దున ఆరుకు నా డ్యూటీ.
బొప్పాయిని గోరంత ముక్కలు కోయాల.
నువ్వు నమలవు, మింగుతావు.
ఒళ్ళంతా లేత చింతాకు పచ్చ,
నెత్తిన మాత్రం నేరేళ్ళు తిన్న పిల్లోడెవడో
కడుక్కోని చెయ్యి పెట్టినట్టు.
తాకితే చాలు, ఈకలు రాల్చేస్తావు.
చెంగల్రాయుడు వాటినన్నీ ఏరి
మాత్రల డబ్బాలో దాస్తాడు.
ఎందుకురా అంటే,
“రేపు కోర్టోళ్ళు లెక్కడిగితే?”

మీ దీవిలో అడవిని నాటేది మీరేనంట,
డాక్టరమ్మ చెప్పింది.
మింగిన పండు, ఎగిరినంత దూరం,
ఆడ జారిపడిన విత్తు.
ఇప్పుడా చెట్లు కొట్టి రిసార్టులు కడతా ఉండారంట.
ఓడల్లో దిగిన ఎలుకలు
గూట్లో గుడ్డు తాగేస్తాయంట.
పెట్టేదే ఒక్క గుడ్డు.
గూడంటే నాలుగు పుల్లలు,
కింద నిలబడి చూస్తే ఆకాశం కనపడతాదంట.
నాకు మా రేకులిల్లు గుర్తొచ్చింది.
చెప్పలేదు.

మధ్యాహ్నం కూస్తావు నువ్వు,
ఖాళీ బిందెలో నోరు పెట్టి
ఎవరో ఎవరినో పిలిచినట్టు.
కంచె అవతల, శేషాచలం పక్క,
జువ్విచెట్టు మీది పచ్చ పావురాలు
ఒక్క నిమిషం మేత ఆపుతాయి.
మాట తెలిసినట్టే ఉంటాది,
యాస వేరు.
మళ్ళీ తింటాయి.

పోయిన వానల్లో నర్సరీ నుంచి
నల్లటి చందనం పండ్లు గుప్పెడు తెచ్చి పెట్టినాను.
మరిచే పోయినాను.
నిన్న బోను మూల, రెట్టల మధ్య, రెండాకులు.
చెంగల్రాయుడు చీపురు ఎత్తి, ఆగి,
నా మొకం చూసినాడు.

“చందనం ఒంటిగా బతకదు,” అనింది డాక్టరమ్మ.
“పక్కచెట్టు వేరు పట్టుకోవాల.”

రిజిస్టరు తెరిచినాను.
సొత్తు కిందనా, ఖర్చు కిందనా,
యాడ రాయాలో తోచక మూసేసినాను.
ఇంటికాడి కందులు నాలుగు
కొంగున కట్టి తెచ్చి, దాని పక్కన గుచ్చినాను.
నువ్వు కొమ్మ మీంచి మెడ వంచి
పండేమో అని చూసి,
కాదని
తల తిప్పేసుకున్నావు.

ఆరోసారి వాయిదా పడింది.
కంది మొలిచింది.