బిళ్ళ

లక్నవరం ఒడ్డున పడవ బోర్లించి
కొమ్మాలు అడుగు గీకుతున్నడు.
అల్యూమినియం మీద తెల్లటి పొడి,
గోటితో గిచ్చితే సన్నని గుంట.

"రెండు లోహాలు నీళ్ళల్ల చెయ్యి కలిపినయంటే
ఒకటి ఇంకోదాన్ని తింటది" అంటడు.
ఉక్కు బోల్టు కింద
సైకిల్ ట్యూబు కోసి వాషరు పెట్టిండు.

పోయినేడు వైజాగు నుంచి తెప్పించిన జింకు బిళ్ళ
ఉప్పునీళ్ళ మనిషి.
మన తియ్యటి నీళ్ళల్ల అలిగిన అల్లుని లెక్క
తెల్లగ పొర కప్పుకొని కూసున్నది.
ఈసారి మెగ్నీషియం.

నెలకోసారి తడిమి చూస్తడు,
అరిగితేనే సంబురం.
మేడారంల బంగారమని పెట్టిన బెల్లం
వానకు కరిగినట్టు
అది కరగాలె. పడవ మిగలాలె.

ఇయ్యాల పలకల సందున
ఒక రాగి పైస దొరికింది.
జాతరకు పోతా ఎవరో ముసలమ్మ
చెరువుకు మొక్కి ఇసిరి ఉంటది,
గురి తప్పి పడవల పడ్డది.
దాని కింద సూది దూరేంత బొక్క.

తిట్టబోయి ఆగిండు.
పైసను కండ్లకద్దుకొని
అంగీ జేబుల ఏసుకున్నడు.

రెండడుగులు పోయినంక ఏమనుకున్నడో,
అదే జేబుల ఉన్న పానా తీసి
ఇంకో జేబుల పెట్టుకున్నడు.