ఆపండి

మూడక్షరాలు.
రావులపాలెంలో ఆటో ఎక్కినప్పటి నుంచీ
నాలుక కింద పెట్టుకుని నానబెడతాను.
లొల్ల వస్తుంది, లాకులొస్తాయి,
మా సందు మొదట్లో సైకిల్ షాపు కూడా వచ్చేస్తుంది,
అక్షరాలు మాత్రం రావు.
వాడపల్లిలో అందరితో పాటు దిగి
అక్కడేదో పనున్నవాడిలా గడియారం చూసుకుని
కాలవ గట్టు మీద వెనక్కి నడుస్తాను.
పదకొండేళ్ళుగా ఇంతే.
చెప్పులరిగిన లెక్క మా అమ్మకి తెలుసు,
కారణం తెలీదు.

కాకినాడలో డాక్టర్ ఎస్తేరు రాణి గారు
పరిశోధన కోసమని నన్ను సొరంగంలాంటి మిషన్లోకి పంపారు.
లోపల రైసుమిల్లు మోత. తల కదపకూడదు.
కళ్ళ ముందు చిన్న అద్దంలో ముఖాలు.
ఒకటి నవ్వింది, ఒకటి కోప్పడింది,
ఒకటి ఏమీ చెయ్యలేదు, ఊరికే చూసింది.

తర్వాత తెర మీద చూపించారు:
కణతకి లోపలగా బాదంగింజంత చోటు,
ఊదిన నిప్పులా ఎర్రగా.
"ఆ రంగు మేం వేసిందేనండి, లోపల మంటలేం లేవు.
నెత్తురు అటు కాస్త ఎక్కువ వెళ్ళిందని గుర్తు."
ఎవర్ని చూసినప్పుడు?
నోటితో అడగలేక కాగితం మీద రాసిచ్చాను.
ఆవిడా కాగితం మీదే రాశారు:
మూడో ఆయన్ని.

సెరటోనిన్ తక్కువా అంటే
అలా చెప్పలేం, కొందరిలో ఎక్కువే తయారవుతోందేమో,
ఇంకా తేలలేదన్నారు.
నాకు వింతనిపించలేదు.
మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
ఎండిన చేల కంటే
మునిగిన చేల వాళ్ళ చేతే ఎక్కువ తిట్లు తిన్నాడు.
తలుపు ఎవడైనా ఎత్తుతాడ్రా,
ఎంత ఎత్తాలో తెలియడమే ఉద్యోగం, అనేవాడు.
నా లోపలి లస్కరు
ఒక ఉత్తి చూపుకే
వరదొచ్చిందని తలుపులన్నీ ఎత్తేస్తాడు.
వాణ్ణి తిట్టబుద్ధి కాదు.
భయస్తుడు. రాత్రుళ్ళు కూడా నిద్రపోడు.

మాత్ర మొదలెట్టి మూడు నెలలు.
నిన్న లొల్ల దగ్గర నోరు తెరిచి
"ఆ" అన్నాను. ఇంజను మోతలో పోయింది.
చేపల తట్ట ఒళ్ళో పెట్టుకున్నావిడ
నా వైపు తిరిగి ఊరికే చూసింది.
బాదంగింజ ఎర్రబడే ఉంటుంది.
"దిగుతారేటండి?" అంది.
తలూపాను.
"ఒరే ఏసుబాబూ, ఆపరా!" అని ఆవిడే అరిచింది.

దిగి చిల్లర ఇస్తుంటే
మిగతా రెండక్షరాలూ బయటికొచ్చాయి,
అప్పటికే ఆగిపోయిన ఆటోతో.