గాట్ల కర్ర

మా ఊరి చరిత్ర కాగితమ్మీద లేదు.
పాప్లర్ కర్ర మీద ఉంది.
నడుమెత్తు పొడవు, నాలుగు పలకలు,
పై నుంచి కిందికి ఇంటికో వరుస.

రై చేలో ఆవు పడితే ఒక గాటు.
ఉమ్మడి పొయ్యికి కట్టెలు మోసే వంతు ఎగ్గొడితే రెండు.
గంట మోగాక కూడలికి రాకపోతే
ఎంత జ్వరమైనా ఒకటి.
గాటుకు అరలీటరు ద్రాక్షసారా;
జరిమానా కట్టినవాడిదే మొదటి గుక్క.
పోర్చుగల్ ఈ చివర అదే మా న్యాయశాస్త్రం.
వాగు దాటితే స్పెయిన్.

నేను జుల్మీరాని, ఎవుదోక్సియా మనవరాలిని.
మా వరుస నిండా గాట్లే, సిగ్గేమీ లేదు:
తాత ఎర్మీనియుకి నిద్రెక్కువ, మా ఆవుకి ఆకలెక్కువ.
పక్కన దియొలిందా వాళ్ళ వరుస నున్నగా ఉండేది
వుల్ఫ్రామ్ ఏళ్ళ దాకా.
అప్పుడు రాత్రంతా లాంతర్లతో నల్లరాయి తవ్వి
పగలు ఒక్కడూ కాలవ పూడిక తీయలేదు.
చోటు చాలక కర్ర అంచులు కూడా కోశారు.
ఇనుమంత బరువుండే ఆ రాయి
ఎవరి యుద్ధానికి పోయిందో మేం అడగలేదు.
దానికి గాటు లేదు.

అడుగున మాత్రం ఒక గీత,
కర్ర చుట్టూ,
పంతొమ్మిది ఇళ్ళకీ అడ్డంగా,
దియొలిందా వాళ్ళని కూడా వదలకుండా.
ఒకే కత్తి. ఒకే లోతు.

నాయనమ్మ దాన్ని బొటనవేలితో తడిమేది, చెప్పేది కాదు.
చెప్పిన రోజు బంగాళాదుంపలు చెక్కుతూ చెప్పింది:
"వాగు అవతల వాళ్ళలో వాళ్ళు చంపుకుంటున్న ఏడు. మంచు.
ఒక్కో తలుపూ కొట్టుకుంటూ వచ్చాడు. మనది మూడోది.
మీ తాత లేవబోతే
నేనే చెయ్యి పట్టుకున్నాను."
తొక్క తెగకుండా పొడుగ్గా దిగింది.
"తెల్లారి రొట్టెల వంతు బెల్మీరాది.
పొయ్యి మూత తీస్తే లోపలున్నాడు,
నిన్నటి వేడి వెతుక్కుని ముడుచుకుని.
బూట్లు విప్పి బయట పెట్టాడే,
ఇంట్లోకి వెళ్ళినట్టు."

ఆదివారం గంట కొట్టారు. ఒక్కరూ నోరు మెదపలేదు.
ఆ ఏటి పెద్ద కర్రని తిప్పుతూ కోశాడు.
పంతొమ్మిది అరలీటర్లు ఒకే తొట్టిలో పోశారు,
మొదటి గుక్క ఎవరిదో తేలలేదు.
పులిసి వెనిగర్ అయ్యేదాకా అలాగే ఉందంటారు.
బెల్మీరా కూతురు మాత్రం
రెండో రోజే పందులు తాగాయంటుంది.

ఇప్పుడు పదకొండు మందిమి.
మొన్న పట్నం మ్యూజియం నుంచి ఒకాయన
తెల్ల తొడుగులు వేసుకుని కర్ర పట్టుకున్నాడు.
ఈ చుట్టుగీత ఏమిటన్నాడు.
"చెయ్యి జారకుండా," అన్నాడు అదెరీతు.
ఆయన రాసుకున్నాడు.
కారు మలుపు తిరిగాక
అదెరీతు జేబులోంచి కత్తి తీసి
తన వరుసలో ఒకటి కోసుకున్నాడు.

శనివారం ఇప్పటికీ కాలుస్తాం, ఆరు రొట్టెలు, ఏడు.
తీశాక పొయ్యికి మూత వేయం.
వేడంతా ఊరికే పోతోందని
వేసవికి వచ్చిన చుట్టాలెవరైనా అంటే
పోనీలే అంటాం.