నీలం గీత

రబ్బరు కోటు చేతి అంచు
ఉప్పునీళ్ళలో నాని మణికట్టు మీద
రోజంతా ఒరుసుకుంటూనే ఉంటుంది.
అలా పుడతాయి.
న్యూఫౌండ్‌లాండ్‌లో, ఈ రేవులో, వాటిని
నీటి కుక్కపిల్లలంటారు, ముద్దుగా.
రాకుండా ఇత్తడి గొలుసు కట్టుకుంటారు.
ఎలియాజర్ కూడా కట్టుకున్నాడు.
గొలుసు కిందే లేచింది.

బల్ల మీద చెయ్యి పరిచాడు.
గోరు పక్కన ఒక చేపపొలుసు మెరుస్తోంది.
వేళ్ళ వెనకతో తాకాను: సెగ.
చుట్టూ ఎరుపు, నడుమ రాయిలా గట్టి,
ఇంకా మెత్తబడలేదు, తల తెల్లబడలేదు.
"నొక్కేస్తే పోదా?"
గోటితో పోయేదానికి గొడ్డలెందుకని అతని లెక్క.
ఇక్కడ గోరే గొడ్డలి, అన్నాను.
నొక్కితే చీము బయటికే వస్తుందని ఎవరు చెప్పారు?
లోపలికీ దారులున్నాయి.

ఎరుపు అంచు వెంబడి
నా పెన్నుతో నీలం గీత గీశాను.
వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ, రోజుకు నాలుగుసార్లు.
ఆ గుడ్డ నీ ఒక్కడిదే, వాడాక ఉడకబెట్టు.
ఎరుపు గీత దాటితే రా.
మోచేతి వైపు ఎర్రచార పాకినా
చలిజ్వరం పట్టుకున్నా
అర్ధరాత్రైనా తలుపు కొట్టు.
పడవెక్కకు.

ఆ మాట దగ్గర కిటికీలోంచి బయటికి చూశాడు.
కాడ్ చేపలు ఒడ్డుకొచ్చిన వారం అది.

మూడో రోజు డ్రుసిల్లా లాక్కొచ్చింది.
"గీత దాటలేదు, నువ్వే చూడు"
పళ్ళు టకటకలాడుతున్నాయి అతనికి.
నిజమే. ఎరుపంతా గీత లోపలే ఉంది.
గీత మాత్రం నాది కాదు.
నల్లగా, మందంగా, వడ్రంగి పెన్సిలుది.
ఉమ్మి తడితో చెరిపిన నా నీలం
చర్మం ముడతల్లో ఇంకా కొంచెం మిగిలే ఉంది,
రెండు వేళ్ళ వెడల్పు లోపలికి.

తిట్టలేదు. టైము లేదు.
కత్తి మరిగింది. మత్తు సూది. పెన్సిలిన్.
డ్రుసిల్లా దీపం పట్టుకుంది, ముఖం తిప్పుకోలేదు.
పండినచోట చిన్న గాటు.
ముందు వాసన వచ్చింది, తర్వాత చీము,
తర్వాత రక్తం,
చాలాసేపటికి అతని ఊపిరి.
ఖాళీ అయిన గుంటలో సన్నటి గాజుగుడ్డ దూర్చి
కొస బయటికి వదిలాను.
గాయం అడుగునుంచి పూడాలి,
పైన ముందే మూసుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది.

కొత్త గీత గీస్తుంటే అడిగాడు,
"గురువారానికి?"
నేను నోరు విప్పేలోపే డ్రుసిల్లా అంది:
"పడవ నేనూ మా తమ్ముడూ తీస్తాం."
అతని కోటు జేబులో చెయ్యి పెట్టి
ఆ పెన్సిలు తీసి
తన జుట్టుముడిలో గుచ్చుకుంది.