బెంగుళూరు బ్లూ

నాలుగున్నరకి హెబ్బాళ ఫ్లైఓవర్ ఖాళీగా ఉంటుంది,
వారమంతా అది మనకి బాకీపడ్డ ఖాళీ.
మేం ఐదుగురం. వెనక ఎర్రలైటు మిణుక్కుమంటూ
ఒకరి గాలిచాటున ఒకరం.
యలహంక దాకా ఎవరూ మాట్లాడరు,
గేర్లు గొణుక్కుంటాయి అంతే.

యలహంక దాటగానే ఒలివెరా మొదలెడతాడు:
బర్గండీలో అయితేనా...
ద్రాక్షతోటల్ని చీల్చుకుంటూ రోడ్డట.
ఒక్క గుంట ఉండదట.
ఊరూరికీ ఒక చర్చి శిఖరం, ఒక రాతితొట్టి,
ఆ నీళ్ళు సీసాకి పట్టుకుంటే
ఎనిమిది వందల ఏళ్ళు తాగినట్టట.
పదకొండేళ్ళ కిందట ఆరు రోజులు వెళ్ళొచ్చాడు.
ఆ ఆరు రోజులూ ఇంకా తొక్కుతూనే ఉన్నాడు.

నవ్వుతాం గానీ
మా ఫ్రిజ్ తలుపు మీదా ఆ దేశం పటం ఉంది.
యాభయ్యో ఏటికి అనుకున్నాను.
దాచిన డబ్బు కుడిమోకాల్లోకి వెళ్ళిపోయింది.
ఫిజియోథెరపీ గదిలో, కదలని సైకిల్ మీద
నాలుగు నెలలు ఎటూ పోకుండా తొక్కాను.
పటం మీది అయస్కాంతం మాత్రం
పాల బిల్లు పట్టుకుని
ఒక్కో ఊరే దాటుతూ సముద్రం దాకా వెళ్ళింది.

దేవనహళ్ళి కోటగోడ పక్కన ఇడ్లీ ఆవిరి.
బురుజు కంతలోంచి ఓ మేకపిల్ల మొహం.
నెత్తిమీద విమానం కాళ్ళు ముడుచుకుంటోంది.
హైవే వదిలి లోపలికి తిరిగాం.

ఓ ఊరి మొదట్లో వీరగల్లు.
కత్తి ఎత్తినవాడి మొహం అరిగిపోయింది,
అతను కాపాడిన ఆవులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి.
భుజానికి ఎవరో పంపుసెట్టు వైరు చుట్టారు.
ఒలివెరా ఆగలేదు.
అక్కడే, సర్కారుతుమ్మ ముల్లు దిగి
నా వెనకచక్రం ఉస్సుమంది.
పొండి, కలుస్తానన్నాను.
కాసేపటికి వాళ్ళు మంచులో నాలుగు ఎర్రచుక్కలు,
తర్వాత అవీ లేవు.

"ఏం సామీ, గాలి పాయెనా?"
కన్నడం సర్దుకుంటున్న నా నాలుక తడబడింది.
కంచెకవతల పాపక్క.
పందిరి కింద వంగి నడిచి నడిచి
పందిరి లేనిచోటా వంగే ఉంది.
నా హెల్మెట్ చూసి, తేనెతుట్టె మాదిరుందే, అంది.
"దీన్ని తొక్కేదానికి దుడ్లిస్తారా?"
లేదన్నాను.
"ఆదివారం ఆదివారం పోతారే, చెమట కార్చుకుంటా,
మొక్కుబడేమో అనుకుంటి."
నంది కొండకి, అన్నాను.
"ఆడేముంది?"
ట్యూబు ఊదుతూ ఆలోచించాను.
దిగి రావడం ఉంది.

కత్తెరతో ఓ గుత్తి తెంపి ఇచ్చింది.
నలుపూ కాదు, నీలమూ కాదు,
గ్రీజంటిన నా వేళ్ళ రంగు.
మందపాటి తోలు, జారిపోయే కండ, రెండు గింజలు.
ముందు పులుపు పలికింది,
దాని వెనక ఎప్పటిదో జ్వరంనాటి సిరప్ వాసన.
"సారాయి కంపెనీవాళ్ళు తీసుకుపోతారు.
దాని రుచి మాకేం తెలుసు?
బోరు పదమూడు నూర్లడుగులకి పోయె,
నీళ్ళ రుచే మరిసిపోతిమి."

పక్క తోట అప్పుడే లేదు.
పసుపురంగు కొట్టిన హద్దురాళ్ళు,
మట్టిరోడ్డుకి ఓ ఆర్చి, దానిమీద అక్షరాలు:
షాటో వైన్‌యార్డ్ విల్లాస్.
"ఏమని రాసుండారు సామీ?"
ద్రాక్షతోట అని, అన్నాను.
పాపక్క చాలాసేపు నవ్వింది.
ఆ నవ్వు మధ్యలో
పంపు కొట్టడం ఆపేశాను,
మళ్ళీ కొట్టాను.

కొండ మొదట్లో టీకొట్టు దగ్గర నాకోసం ఆగారు.
ఒలివెరా నా వీపు చూసి అదిరిపడ్డాడు.
"పడ్డావా? రక్తం!"
జెర్సీ వెనకజేబులో చెయ్యి పెట్టి
నలగని రెండు పళ్ళు ఏరి ఇచ్చాను.
నోట్లో వేసుకున్నాడు. మొహం ముడిచాడు.
బర్గండీ అంటాడేమోనని చూశాను, అనలేదు.
గింజలు ఉమ్మకుండా, చాలాసేపటికి,
"ఏ ఊరు?" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను.
ఊరి పేరు అడగనేలేదు.