శివారు కుళాయి

వైశాఖం. కాలవలు కట్టేశారు.
అంబాజీపేట దాటాక లంకవైపు రోడ్డులో
పల్లాలరావు గారి ఇంటికి ఇంకా గచ్చు పడలేదు.
గదులనిండా నా గొట్టాలే.
చన్నీళ్ళకి తెల్లవి, వేన్నీళ్ళకి మీగడరంగువి.
డాబామీద సోలారు డ్రమ్ము నుంచి
వెనకవైపు స్నానాలగది దాకా
నేలబారున ముప్పైనాలుగు అడుగులు, ఆరు ఎల్బోలు.

ఆయన లస్కరు పనిచేసి దిగిపోయాడు.
ముప్పయ్యొక్క ఏళ్ళు పిల్లకాలవల గట్లమీద
ముందు లాంతరు, తర్వాత టార్చిలైటు.
మోకాళ్ళు రెండూ ఆ నీళ్ళకే ఇచ్చేశాడు.
వేన్నీళ్ళ లైను ఆ మోకాళ్ళ కోసమే.

నా వెనకే తిరుగుతూ అడుగుతాడు.
"ఏవయ్యా ఇజ్రాయేలూ, ఇది మెయినా? ఇది బోదెనా?
తూమెక్కడ పెట్టేవు?"
"గేటువాల్వండి. మెట్లకింద."
"మరి శివారేదీ?"
"మీ స్నానాలగదేనండి."
"అయితే ముందు దానికందాలి.
ఎగువోడికి ఎలాగూ అందుద్ది."

నీరు పల్లమెరుగు అంటారుగాని
గొట్టంలో నీటికి పల్లం తెలీదు.
వెనకనించి నెట్టేవాడొక్కడే తెలుసు.
ఈ మాటంటే ఆయన ఆ పూట నాతో మాట్లాడలేదు.

సాయంత్రం చేతిపంపు కొట్టి
ముల్లుని పది దగ్గర నిలబెట్టాను.
పొద్దున్నకి ఎనిమిదిన్నర.

తాపీమేస్త్రి సూరప్పడు వచ్చేశాడు.
ఇసక జల్లించి ఉంది, బస్తాలు విప్పి ఉన్నాయి,
మిషను అద్దె గంటల్లెక్క.
"ఒకటిన్నరకేంటెహె, రాత్రి చల్లబడింది,
గొట్టం ముడుచుకుని ఉంటాది. పోసేద్దాం."

ముడుచుకోవచ్చు. అది అబద్ధం కాదు.
అందుకే నాకు భయం.

కొత్తపేటలో ఒకింట్లో ఇలాగే తలూపేను.
తొమ్మిదేళ్ళయింది. ఫోను రాలేదు.
మూడడుగులు తవ్వితే నీరూరే నేల మాది,
వానాకాలం ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది.
ఒక గది చెమ్మగిల్లితే
తప్పు గోదారిదో నాదో ఎవడు తేలుస్తాడు?
తొమ్మిదేళ్ళుగా గోదారి చాటున దాక్కున్నాను.

పల్లాలరావు గారు కండవా మడిచి కిటికీలో పెట్టి
ఆ గరుకు బెడ్డుమీద బోర్లా పడుకున్నాడు,
చెవి నేలకానించి.
మేస్త్రి నవ్వేడు. మంగాయమ్మ వెళ్ళి మిషనాపింది.
"గండి పడేముందు గట్టు అరవదురా.
కప్పలు మానేస్తాయి. అది వినాలి."
గదిగదికీ పాకేడు, ఆ మోకాళ్ళతోనే.
వంటింటి గుమ్మం దగ్గర ఆగి
అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు ఆనించాడు,
పిల్లాడికి జొరం చూసినట్టు.

నాలుగో ఎల్బో.
గమ్ము నేనే రాశాను. దోపాక తిప్పాల్సిన పావు తిప్పు
తిప్పలేదు. అప్పుడు ఫోను మోగినట్టుంది.
ఏమో, మోగలేదేమో కూడా.

కోసి, కొత్తది వేసి, మళ్ళీ పది.
కూలీలకి ఆ రోజు సగం డబ్బులు నేనిచ్చాను.
సూరప్పడు తీసుకోలేదు, బీడీ అడిగాడు.
తెల్లారి చూస్తే ముల్లు పదిమీదే ఉంది.

పోసేముందు ఆయన పాత లెక్కలపుస్తకంలో గీయించాడు:
గోడనించి ఎన్నడుగులు, గుమ్మానికి ఎన్నంగుళాలు.
చన్నీటికి నీలంసిరా, వేడిదానికి ఎరుపు.
"రేపెవడో మేకు దిగ్గొడితే తెలవాలి గదా."
కిందని నా పేరు రాయమన్నాడు.
ఇంటిపేరుతో సహా రాశాను. చెయ్యి కాస్త వణికింది.
తర్వాత గచ్చొచ్చి అన్నిటినీ కప్పేసింది.
బద్దతో లాగుతూ సూరప్పడు వెనక్కి వెనక్కి నడిచి
గుమ్మంలోంచి బయటపడ్డాడు.

ఆదివారం గుడి ప్రార్థనయ్యాక కొత్తపేట వెళ్ళాను.
ఆ ఇంటిముందు బండాపాను.
లోపల ఎవరో ఇల్లు తుడుస్తున్నారు.
గుడ్డ పిండిన నీళ్ళు బకెట్టుతో తెచ్చి
వీధరుగు పక్కన పారబోసింది ఒకావిడ.
"ఎవరు కావాలండీ?"
సంచిలో పంపుంది. ముల్లు సున్నామీదుంది.